గుమ్మటం బరువు స్తంభాల మీదా, గోడ మీదా: ఏది మేలు?

కొత్తకాలపు మసీదుల మాట వస్తే తరచూ ఎదురయ్యే ప్రశ్న: జకార్తా ఇస్తిఖ్లాల్ గొప్పదా, కరాచీ గోల్ మసీదు గొప్పదా? బయటి అందం ఎవరి కంటికి వాళ్లది. నేను ముందు చూసేది గుమ్మటం బరువు ఎక్కడ దిగుతోందన్నది. నమాజు వరసలకు అడ్డొచ్చేది అదే మరి.

గుమ్మటం కిందికే కాదు, అంచుల దగ్గర బయటికి కూడా తోస్తుంది. రాతి కట్టడాల్లో ఆ తోపుడును ఆపాలంటే అర్ధగుమ్మటాలు, లావుపాటి స్తంభాలు తప్పవు. ఇస్తాంబుల్ నీలి మసీదులో ప్రధాన గుమ్మటం అడ్డకొలత 23.5 మీటర్లే గానీ, మోసే నాలుగు స్తంభాలూ ఒక్కోటి 5 మీటర్ల లావు. వాటి వెనక నిలబడితే ఇమామ్ కనబడడు. కాంక్రీటు వచ్చాక ఆ బాధ తీరింది. అంచు చుట్టూ ఉక్కు చువ్వలతో పట్టీ పోస్తే, బండి చక్రానికి బిగించిన ఇనుప పట్టాలా అదే తోపుడును పట్టి ఉంచుతుంది.

1978లో తెరిచిన ఇస్తిఖ్లాల్‌కు రూపమిచ్చింది ఫ్రెడరిక్ సిలబాన్ అనే క్రైస్తవుడు. 45 మీటర్ల గుమ్మటం, 1945 స్వాతంత్ర్యానికి గుర్తుగా. కింద 12 స్తంభాలు. జకార్తా ఉక్కకు తగ్గట్టు గాలి ఆడేలా కట్టడం మెచ్చుకోవాల్సిందే. కానీ స్తంభం వచ్చినచోట వరస తెగుతుంది. స్తంభాల మధ్య వరస కట్టడం, చోటు చాలనప్పుడు తప్ప, చాలామంది పండితులకు నచ్చదు కూడా.

1969 నాటి గోల్ మసీదు, అంటే మస్జిదె తూబా, గుమ్మటం సుమారు 72 మీటర్లు. పొట్టి గోడ మీద కూర్చుంది, లోపల ఒక్క స్తంభమూ లేదు. వంపు కప్పుల కింద ప్రతిధ్వని పెద్ద తలనొప్పి. ఇక్కడ మాత్రం ఈ చివర మాట ఆ చివర వినబడుతుందని పేరు. లోటు మరోచోట ఉంది. గుండ్రటి హాలులో మొదటి వరస పొట్టిదవుతుంది, అందరూ కోరుకునేదేమో ఆ వరసే. అయినా నా ఓటు తూబాకే.

అబూధాబీ షేక్ జాయెద్ మసీదుకు 82 గుమ్మటాలు. చూడముచ్చటే, స్తంభాలూ ఆ లెక్కనే. ఇస్లామాబాద్ ఫైసల్ మసీదుకు గుమ్మటమే లేదు కాబట్టి ఈ పోటీలోకి రాదు. దాన్ని గీసిన వేదాత్ దలోకాయ్ అంతకుముందు అంకారా కొజాతెపె మసీదుకు పలచని కాంక్రీటు గుమ్మటం ఇచ్చాడు. మరీ కొత్తగా ఉందని పక్కన పెట్టేశారు. చివరికి 1987లో పూర్తయింది పాత ఒట్టోమన్ పోలికలోనే: పోసింది కాంక్రీటు, లోపల మళ్లీ నాలుగు లావుపాటి స్తంభాలు.