అమీర్‌పేటలో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ బ్యాచ్: ‘టు ప్లస్ వి1’ పాఠాలపై సమీక్ష

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులకు కొదవ లేదు. వాటిలో ఒక సంస్థ సాయంత్రం వేళల్లో నడిపే ‘ఇంటర్మీడియట్’ బ్యాచ్‌లో నేను ఇటీవల చదువుకున్నాను. సంస్థ పేరు రాయదలచుకోలేదు. ఇక్కడ చెప్పబోయే మంచి ఎక్కువగా ఒక ఉపాధ్యాయుడిది, చెడు ఎక్కువగా అక్కడ అంటగట్టే మెటీరియల్‌ది. కోర్సులో సగానికి పైగా ఒకే విషయం మీద నడుస్తుంది: విశేషణం, దాని ముందో వెనకో ఒక క్రియావిశేషణం, ఆ తరువాత ‘టు’తో వచ్చే క్రియ. క్లాసు భాషలో దీనికి ‘అడ్జెక్టివ్ ప్లస్ టు ప్లస్ వి1’ అని పేరు; ‘వి1’ అంటే ‘గో’, ‘కమ్’ వంటి క్రియ మూలరూపం.

ఈ ఎంపికను నేను మెచ్చుకుంటాను. తెలుగు మాధ్యమంలో చదివి ఉద్యోగంలో చేరినవారికి టెన్సులు ఎలాగో ఒకలాగ పట్టుబడతాయి. ఆఫీసు మెయిల్లో ‘ఈ ఫైలు ఇప్పుడే పంపలేనంత పెద్దగా ఉంది’, ‘మీరు ఇంత త్వరగా జవాబివ్వడం మీ మంచితనం’ వంటి మాట రాయవలసి వచ్చినప్పుడే చేయి ఆగుతుంది. అలాంటి వాక్యాలన్నీ ఈ నమూనాల్లోనే ఉన్నాయి.

ముందుగా ‘టూ... టు’. ‘ది టీ ఈజ్ టూ హాట్ టు డ్రింక్’ అనే వాక్యంలో ‘నాట్’ ఎక్కడా లేకపోయినా అర్థం వ్యతిరేకమే. టీ తాగలేనంత వేడిగా ఉందని దాని భావం. ఈ మాట ప్రతి గైడులోనూ ఉంటుంది. మా సారు దాని దగ్గర ఆగకుండా, పెట్టె బరువు గురించి ఒక వాక్యం చెప్పమని క్లాసును అడిగారు. ముందు వరుసలోని అమ్మాయి లేచి, ‘ది బాక్స్ ఈజ్ టూ హెవీ టు లిఫ్ట్ ఇట్’ అంది. ఆయన ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు బోర్డు మీద రాసి, చివరి ‘ఇట్’ను మాత్రం బొటనవేలితో తుడిచి, ‘ఎత్తేది దేన్నమ్మా?’ అని అడిగారు. ‘బాక్స్‌నే సార్’ అంది. ‘బాక్స్ వాక్యం మొదట్లోనే కూర్చుంది కదా తల్లీ, మళ్లీ చివర్లో ఎందుకు?’ అన్నారు.

ఆ తప్పు ఎక్కడ పుడుతుందో కూడా ఆయన వెంటనే చూపించారు. బడిలో మన చేత ‘టూ’ తీయించి ‘సో... దట్’ పెట్టించి వాక్యాలు మార్పిస్తారు. ‘ది బాక్స్ ఈజ్ సో హెవీ దట్ ఐ కాంట్ లిఫ్ట్ ఇట్’ అన్నప్పుడు ‘దట్’ తరువాతిది కర్తతో సహా పూర్తి వాక్యం కాబట్టి అక్కడ ‘ఇట్’ ఉండి తీరాలి. రెండింటినీ ఒకదానికొకటి సమానమని నూరిపోసిన కారణంగా, రెండోదానికి అవసరమైన ‘ఇట్’ మొదటిదానిలోకి కూడా జారిపోతుంది. పదో తరగతి నుంచి నాతో ఉన్న తప్పుకు మూలం ఇంత స్పష్టంగా మరెవరూ చెప్పలేదు.

కోర్సులో అన్నింటికన్నా గట్టి పాఠం దీని తరువాతిది. ‘జాన్ ఈజ్ ఈజీ టు ప్లీజ్’, ‘జాన్ ఈజ్ ఈగర్ టు ప్లీజ్’ అనే రెండు వాక్యాలను బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాశారు. 1960ల నాటి రచనల్లో అమెరికన్ భాషాశాస్త్రవేత్త నోమ్ చోమ్‌స్కీ చర్చించిన ఈ జంట భాషాశాస్త్రం చదివినవారికి పాతదే, అమీర్‌పేట క్లాసులో మాత్రం నేను ఊహించనిది. పదాల వరుస ఒకటే, మారింది ఒక్క విశేషణం. అయినా మొదటి వాక్యంలో జాన్‌ను ఎవరో మెప్పిస్తారు, రెండో వాక్యంలో జాన్ ఎవరినో మెప్పించాలని తహతహలాడతాడు. సూత్రం మాత్రమే బట్టీపట్టినవారికి ఈ తేడా కనిపించదు. అందుకే ఆయన విశేషణాలను కుటుంబాలుగా విడదీసి రాయించారు. ‘ఈజీ, హార్డ్, డిఫికల్ట్, ఇంపాజిబుల్’ ఒక కుటుంబం. ఇక్కడ కర్త ఆ పనికి గురి అవుతాడు. ‘ఈగర్, విల్లింగ్, రెడీ, అన్‌విల్లింగ్’ మరొకటి. ఇక్కడ కర్తే పని చేస్తాడు. ‘హ్యాపీ, సర్‌ప్రైజ్డ్, సారీ’ మూడోది. ఇక్కడ ‘టు’ తరువాతి క్రియ ఆ భావానికి కారణం చెబుతుంది. ‘రెడీ’ మొదటి రెండు ఇళ్లలోనూ కాపురం చేయగలదని చెప్పి, ‘ది చికెన్ ఈజ్ రెడీ టు ఈట్’ అంటే కోడి తినడానికి సిద్ధమా, కూర వడ్డనకు సిద్ధమా అని అడిగినప్పుడు క్లాసంతా నవ్వింది. ఆ నవ్వుతోనే పాఠం బుర్రకెక్కింది.

‘ఇనఫ్’ విశేషణం తరువాతా, నామవాచకం ముందూ వస్తుందన్న సంగతి, ‘ఇట్ ఈజ్ కైండ్ ఆఫ్ యూ టు కమ్’, ‘ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ మీ టు కమ్’ అనేవాటిలో ‘ఆఫ్’ మనిషి గుణాన్ని, ‘ఫర్’ పని ఎవరిదో చెబుతుందన్న సంగతి తగినంత అభ్యాసంతో త్వరగానే ముగిశాయి. వాటిలో వంక పెట్టడానికేమీ లేదు.

క్రియావిశేషణాల దగ్గరికి వచ్చేసరికి కోర్సు పలచబడింది. ఆ వారం ఉపాధ్యాయుడు మారారు. కొత్తగా వచ్చినవారు మెటీరియల్‌ను చదివి వినిపించడంతో సరిపెట్టారు. ‘హార్డ్’కు ‘లీ’ చేర్చితే ‘కష్టపడి’ అన్న అర్థం రాదని, ‘హి హార్డ్లీ వర్క్స్’ అంటే అతను పని చేయడం అంతంతమాత్రమేనని చెప్పారు, అక్కడితో ఆగిపోయారు. క్రియావిశేషణం చోటు మారితే వాక్యం ఎలా మారుతుందో చెప్పి ఉండవలసింది. ‘షి క్విక్లీ డిసైడెడ్ టు లీవ్’ అంటే నిర్ణయం త్వరగా జరిగింది, ‘షి డిసైడెడ్ టు లీవ్ క్విక్లీ’ అంటే వెళ్లడం త్వరగా జరగాలి. ‘డిసైడెడ్ నాట్ టు గో’, ‘డిడ్ నాట్ డిసైడ్ టు గో’ మధ్య ఉన్న దూరం ఇంకా పెద్దది, ఆఫీసులో పేచీ తెచ్చేది కూడా. దానికి బదులు, ‘టు’కూ క్రియకూ నడుమ మరో పదం పెట్టడం ఘోరమైన తప్పు అన్న హెచ్చరిక వినిపించింది. ఆ అభ్యంతరం 1864లో ఇంగ్లండు మతాచార్యుడు హెన్రీ ఆల్ఫర్డ్ లేవనెత్తినంత పాతది; ఇవాళ ‘టు రియల్లీ అండర్‌స్టాండ్’ అని రాస్తే చదువుకున్నవారెవరూ ఎర్ర సిరా తీయరు.

ఇక మెటీరియల్. స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్ కట్ట, ఫీజు కాక దానికి వేరే డబ్బు. అందులో ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ను ‘టు ప్లస్ వి1’ పట్టికలో నిస్సంకోచంగా చేర్చారు. అక్కడి ‘టు’ విభక్తి వంటిది, దాని తరువాత ‘మీటింగ్’ రావాలి. ఇంతకన్నా వింత జవాబుల పేజీలో ఉంది. ‘ఐ యామ్ ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్’ అనే వాక్యాన్ని ‘సో... దట్’లోకి మార్చి, ‘నేను సాయం చేయలేనంత సంతోషంగా ఉన్నాను’ అన్న అర్థం వచ్చేలా అచ్చు వేశారు. ‘ఓన్లీ టూ హ్యాపీ’ అంటే సంతోషంగా, ఎంతో ఇష్టంగా సాయం చేస్తానని. సహాయం కోరిన పై అధికారికి ఈ జవాబుల పేజీని నమ్మి ఉత్తరం రాసే ఉద్యోగి గతి ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఈ నమూనాల పద్ధతికి హైదరాబాదుతో పాత చుట్టరికమే ఉంది. ఇంగ్లిష్ నిఘంటుకర్త ఎ.ఎస్. హార్న్‌బీ 1954లో ఇంగ్లిష్ క్రియలను 25 నమూనాలుగా వర్గీకరించి, విశేషణాలకు వేరుగా నమూనాలు చూపాడు. 1958లో ఇక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, అంటే నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం, మొదలైన కాలంలో మన దేశపు ఇంగ్లిష్ బోధనలో వినిపించిన మాట ‘స్ట్రక్చరల్ అప్రోచ్’. ఒకే అచ్చులో పదాలు మార్చి పదేపదే పలికించే ఆ డ్రిల్లు ఈ క్లాసులోనూ నడుస్తుంది. దాన్ని పాతబడిందని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే నాలుక తిరగడానికి అంతకు మించిన ఉపాయం లేదు. కాకపోతే అర్థం విప్పి చెప్పే మనిషి బోర్డు దగ్గర ఉంటేనే అది పనికొస్తుంది.

ఫీజు నెలకు 3,500 రూపాయలు. గది ఇరుకు, ఏసీ పనిచేయదు, వెనక బెంచీల వారికి బోర్డు సగమే కనిపిస్తుంది కాబట్టి కాస్త ముందుగా వెళ్లడం మంచిది. అసలే మాట్లాడలేనివారికి ఈ బ్యాచ్ బరువవుతుంది. ఎలాగోలా మాట్లాడుతూ, రాసేటప్పుడు తడబడేవారికి మాత్రం విశేషణాల పాఠాలే ఆ నెల ఫీజు గిట్టుబాటు చేస్తాయి. చేరేముందు డెమో క్లాసు చెప్పిన సారే బ్యాచ్ మొత్తానికీ ఉంటారా అని కౌంటర్లో అడిగి రూఢి చేసుకోండి. మెటీరియల్ తప్పనిసరి అంటారు కానీ, కొననివారిని క్లాసులోకి రానివ్వకపోవడం నేను చూడలేదు.