20 సోమ్ నోటు చూపించిన దారి

కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో డాలర్లు మార్చుకుంటే చేతికొచ్చిన 20 సోమ్ (అక్కడి కరెన్సీ) నోటు వెనక ఒక రాతి కట్టడం కనిపించింది. హోమ్‌స్టే ఆవిడకు చూపిస్తే "తాష్ రబాత్" అన్నారు. మా ప్లాన్‌లో ఆ పేరే లేదు. ఆ నోటు చూశాకే చేర్చుకున్నాం.

ముందు డబ్బు సంగతి. ఇంకు మరక ఉందని నా వంద డాలర్ల నోటును రెండు కౌంటర్లలో తిప్పి ఇచ్చేశారు. మూడోచోట తక్కువ రేటుకి తీసుకున్నారు. చాలా బాధేసింది. మడత పడని కొత్త నోట్లు, అవీ వందలవే తీసుకెళ్లండి. చిన్న నోట్లకు రేటు తగ్గిస్తారు. అక్కడ ఎంబీబీఎస్ చదివే మన తెలుగు పిల్లలు ఇంకో మాట చెప్పారు: కొట్లలో అందరూ క్యూఆర్ కోడ్‌తోనే కడతారు, కానీ దానికి అక్కడి బ్యాంకు ఖాతా ఉండాలి. కాబట్టి మాకు నగదే దిక్కైంది. మేం వెళ్లినప్పుడు సోమ్, రూపాయి దాదాపు సమానం కావడంతో బేరాలు మాత్రం హాయిగా సాగాయి.

సోవియట్ యూనియన్ పోయాక కూడా ఇక్కడ కొంతకాలం రూబుళ్లే నడిచాయి. వాటి విలువ కరిగిపోతుంటే 1993 మే 10న 200 రూబుళ్లకు ఒకటి చొప్పున సోమ్ తెచ్చారు. మధ్య ఆసియాలో రూబుల్‌ను వదిలి సొంత డబ్బు తెచ్చుకున్న మొదటి దేశం ఇదే. నాణేలు 2008లో గానీ రాలేదు. అందులో మూడు సోమ్‌ల బిళ్ల కూడా ఉంది!

200 సోమ్ నోటు మీది ఇస్సిక్ కుల్ సరస్సు చూడాలని దాని ఒడ్డునున్న చోల్పోన్ అతా వెళ్లాం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. రిసార్ట్ మాత్రం కిక్కిరిసి ఉంది, పెట్టిన డబ్బుకి తగ్గ గది కాదు. అదే సరస్సు కోసం వెళ్తే దగ్గర్లోని పట్టణం కరకోల్‌లో హోమ్‌స్టే తీసుకోండి. తిండి, మర్యాద రెండూ బాగున్నాయి.

నరీన్ పట్టణం నుంచి టాక్సీలో తాష్ రబాత్ చేరాం. 3,000 మీటర్లు దాటిన ఎత్తు. కొండలో సగం దిగబడినట్టున్న 15వ శతాబ్దపు రాతి సత్రం, లోపల గుమ్మటాల కింద చీకటి గదులు. పక్కనే యర్ట్ గుడారంలో పడుకున్నాం. జులైలో కూడా వణికించే చలి. పొయ్యిలో వేసింది ఎండిన పిడకలు! ఆ వాసనకి అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. శాకాహారులకు రొట్టె, మీగడ, జామ్, బంగాళాదుంపలే. నాకు అది చాలు. ఒక్క రాత్రికే బుక్ చేసుకున్నాం, రెండు రాత్రులు ఉండాల్సింది.