మంచి చేతికి సంచి కట్టుకున్నాను: 20 నెలల వాడకం తర్వాత

"చెయ్యి కాలిందా అక్కా?"

మొదటి వారంలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నడిపేది కూరల షాపు, ఎడమ చేతికేమో మణికట్టు దాటే దాకా దూది కుక్కిన పెద్ద తొడుగు, దాని మీద వెల్క్రో పట్టీ. నూనె పడిందనే అనుకుంటారు ఎవరైనా. ఒకావిడ ఇంటికెళ్లి కలబంద మట్ట కోసుకొచ్చి మరీ ఇచ్చింది. కాలలేదమ్మా, ఆ చెయ్యి నిక్షేపంగా ఉంది, జబ్బు చేసింది దీనికి అని కుడి చెయ్యి చూపిస్తే అదోలా చూసేవాళ్లు. పక్షవాతంతో పాటు మతి కూడా పోయింది పాపం అన్నట్టు.

పక్షవాతం ఎందుకొస్తుంది, బీపీ మాత్రలు మానకూడదు, ఇవన్నీ నేను రాయను. మీకు తెలిసినవే. రాసేదల్లా ఈ తొడుగు గురించి. మిట్ అంటారు. పడిపోయిన చెయ్యి మళ్లీ పనిలో పడాలంటే బాగున్న చేతిని కట్టేయాలి, అంతే దీని కిటుకు. వినగానే మా ఆయన "ఉన్న ఒక్క చెయ్యీ కట్టేస్తే అన్నం ఎలా తింటుందండీ?" అని డాక్టరుతో పోట్లాటకు దిగారు.

నాకు 51. తెనాలిలో కర్రీ పాయింట్. కుడి పక్క పడిపోయాక నాలుగో నెలకి కర్ర లేకుండా నడిచాను, అది ఫిజియో పుణ్యం. చెయ్యి మాత్రం ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులాగా. అయిదో నెలలో డాక్టరు గుంటూరులో ఓటీకి వెళ్లమని రాశారు. ఓటీ అంటే ఆపరేషన్ థియేటరనుకుని మా ఆయన ఆ రాత్రి నిద్రపోలేదు. తీరా వెళితే బల్ల మీద గిన్నెలు, గుండీలు, తాళం కప్పలు, బట్టల క్లిప్పులు పెట్టుకుని ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఆక్యుపేషనల్ థెరపీ అట. చెయ్యి ఎంత పైకి లేస్తుందని అడుగుతుందనుకున్నాను. "పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం పనులు చేసేవారో చెప్పండి ఆంటీ" అంది. ఆ మాటకే ఏడుపొచ్చింది నాకు.

ఈ మిట్ అందరికీ కాదు. ఆ అమ్మాయి ముందు గోనియోమీటర్ అనే కోణమానిని లాంటిది పెట్టి కొలిచింది. మణికట్టు కనీసం 20 డిగ్రీలు, వేళ్లు 10 డిగ్రీలు పైకి లేవగలిగితేనే మొదలుపెడతారు. నాకు వేళ్లు బొటాబొటిగా లేచాయి. అసలు కదలనివాళ్లకి మంచి చెయ్యి కట్టేస్తే ఒరిగేదేమీ లేదు, ఉన్న ఆధారం కూడా పోవడం తప్ప. తొందరపడకూడదు కూడా. పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లోనే దీన్ని ఎక్కువ మోతాదులో చేయించి చూసిన ఒక అమెరికా పరిశోధనలో, 2009లో వచ్చింది, ఎక్కువ మోతాదు వాళ్లే మూడు నెలల తర్వాత వెనకబడ్డారు.

దీని పుట్టుక కథ నాకు నచ్చలేదు. ఎడ్వర్డ్ టౌబ్ అనే ఆయన కోతుల మీద చేసిన ప్రయోగాల్లోంచి వచ్చింది. చేతికి స్పర్శ తెలిపే నరాలు కోసేస్తే కోతి ఆ చెయ్యి వాడటం మానేసింది. మంచి చెయ్యి కట్టేస్తే మళ్లీ వాడింది. అంటే కదలిక ఉండి కూడా, వాడితే పని జరగలేదు గనక వాడకపోవడం అలవాటైపోయిందన్నమాట. 1981లో ఆ ల్యాబు మీద పోలీసులు దాడి చేశారు, జంతు హింస కేసయింది. మా పెద్దమ్మాయి ఇదంతా చదివి వినిపిస్తుంటే మూగజీవాల ఉసురు పోసుకుని వచ్చిన వైద్యం నాకు వద్దన్నాను. తర్వాత తొడుక్కున్నాను. మనుషుల మీద పెద్ద పరీక్ష 2006లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. స్టీవెన్ వుల్ఫ్ అనే ఆయన ఆధ్వర్యంలో, పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది మీద. రెండు వారాలు, మేలుకుని ఉన్న టైములో 90 శాతం మిట్‌తోనే ఉండాలి, పైగా రోజుకి 6 గంటల దాకా శిక్షణ. ఫలితం ఏడాది తర్వాత కూడా నిలిచిందట.

రోజుకి 6 గంటలు! కర్రీ పాయింట్ పెట్టుకున్నదానికి అయ్యే పనేనా? నాకు ఇచ్చింది తేలిక పద్ధతి. వారానికి మూడు రోజులు అరగంట చొప్పున థెరపీ, అయిదు రోజులు అయిదేసి గంటలు మిట్, ఇలా 10 వారాలు. పొద్దున 6 నుంచి 11 దాకా పెట్టుకున్నాను. పొయ్యి దగ్గర పని మా ఆడపడుచు చూసుకునేది. గుంటూరు రానూపోనూ బస్సు, సిట్టింగుకి 400.

మొదలుపెట్టే ముందు ఒప్పంద కాగితం రాయించారు. మిట్ ఎప్పుడు వేసుకోవాలి, ఎప్పుడు తీసేయాలి అని. మన ఇళ్లలో ముందు తేలాల్సింది బాత్రూం సంగతి కదా, సిగ్గుపడకుండా అదే అడిగాను. ఆ అమ్మాయీ సిగ్గుపడకుండా మొదటి లైనులో అదే రాసింది. బాత్రూం, స్నానం, పొయ్యి పక్క, మెట్లు, రోడ్డు దాటేటప్పుడు తీసేయాలి. కింద సంతకం కుడి చేత్తోనే పెట్టించింది. కోడి గెలికినట్టుంది. ఆ కాగితం ఇంకా ఉంది, బీరువా తలుపుకి లోపలి వైపు.

దీనితో నాకున్న చిన్న గొడవ ప్రశ్నల పట్టిక. ఇంట్లో ఆ చెయ్యి ఎంత వాడుతున్నారు, ఎంత బాగా వాడుతున్నారు అని 30 పనుల గురించి అడిగి సున్నా నుంచి 5 దాకా మార్కులేస్తారు. లైటు స్విచ్చి, తాళం, దువ్వెన సరే. సాక్సు తొడుక్కుంటున్నారా, ఫోర్కుతో తింటున్నారా, సగం శాండ్‌విచ్ తింటున్నారా! తెనాలిలో చీర కట్టుకునే మనిషికి ఇవన్నీ సున్నాలే కదా. కుచ్చిళ్లు పెట్టుకోవడం ఏది? జాకెట్టు హుక్సు ఏవి? వేడన్నంలో పప్పూ నెయ్యీ కలిపి ముద్ద చేయడం ఏది? నా సొద అంతా విని ఆ అమ్మాయి, ఆ మార్కులు వాళ్ల లెక్కకి అలాగే ఉంచి, వెనక పేజీలో నా పట్టిక వేరే రాసింది. అందులో మొదటిది చింతపండు పిసకడం.

ఇదే నాకు పనిచేసింది. గోరువెచ్చని నీళ్లలో చింతపండు, వెడల్పాటి స్టీలు గిన్నె. ఎడమ చెయ్యి సంచిలో ఉంది గనక గిన్నె పట్టుకునేవాళ్లు లేరు, జారిపోతుంది. కింద తడి గుడ్డ పరవమంది. కదల్లేదు. మొదటి రోజు వేళ్లు ముడుచుకున్నాయి గానీ విచ్చుకోలేదు, చింతపండు గుప్పిట్లోనే ఉండిపోయింది. బల్ల మీద కొట్టి విడిపించుకున్నాను. నిమిషంలో ఎన్నిసార్లు పిసికి వదిలితే అన్ని గీతలు పెట్టమంది. మొదటి రోజు నాలుగు గీతలు. మూడో వారానికి పంతొమ్మిది. గీతలు పెరిగితే నీళ్లు తగ్గించేది, గుజ్జు చిక్కబడి పిసకడం కష్టమయ్యేది. ఇలా కొద్దికొద్దిగా పని కష్టం పెంచడాన్ని షేపింగ్ అంటారట. షాపులో సాంబారుకీ పులుసుకీ ఎలాగూ పిసకాలి, కాబట్టి వ్యాయామం చేస్తున్నట్టు ఉండేది కాదు. చిల్లుల పలకలో పుల్లలు గుచ్చమంటే మాత్రం రెండో రోజే మానేశాను.

ఇక అసలు విశేషం. మాది వ్యాపారం, డబ్బు ఎడం చేత్తో ఇస్తే ఒప్పుకోరు. షాపు మళ్లీ తెరిచిన కొత్తలో ఒక పెద్దాయన "బోణీ బేరం, ఎడం చేత్తోనా అమ్మా?" అని చిల్లర తీసుకోకుండా నిలబడ్డాడు. తప్పు ఆయనది కాదు, నేనైనా అంతే. ఆ రోజు నుంచి గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం మానేశాను. ఏడో వారం, సాయంత్రం బేరం. మిట్ లేదు, అది పొద్దుటి పూటకే. ఒక కుర్రాడొచ్చి రెండు కూరలు, ఒక పప్పు తీసుకుని 200 నోటు ఇచ్చాడు. మా ఆయన లోపల గ్యాసు మారుస్తున్నారు. నోటు తీసుకుని, గల్లాపెట్టెలో కట్ట మీంచి బొటనవేలితో ఒక యాభై జార్చి, దాని మీద ఇరవై పెట్టి ఇచ్చాను. కుర్రాడు వెళ్లిపోయాడు. మా ఆయన గుమ్మంలో స్పానర్ పట్టుకుని నిలబడిపోయారు. "ఏ చేత్తో ఇచ్చావే?" అన్నారు. నాకు గుర్తులేదు! చేతులు రెండూ చూసుకున్నాను. కుడి బొటనవేలి చివర నోట్ల మురికి ఉంది.

ఇవ్వగలగడం కాదు నన్ను కదిలించింది. థెరపీ గదిలో అప్పటికే నోట్లు లెక్కపెడుతున్నాను. అడక్కుండా, చెప్పకుండా, నేను చూడకుండా ఆ చెయ్యి ముందుకెళ్లింది. ఏడు నెలల తర్వాత. ఆ వారం వచ్చినవాళ్లందరికీ మిట్ గురించి ఊదరగొట్టాను. ఎదురు సందులో పక్షవాతం వచ్చిన మామ్మగారి కొడుకుని పిలిచి మరీ చెప్పాను.

అంత ఊదరగొట్టి ఉండాల్సింది కాదేమో. పది వారాలూ అయ్యాక వచ్చిన ఆదివారం మధ్యాహ్నం రద్దీ. నేను కడతానని కవర్ల దగ్గరికి నేనే వెళ్లాను. కూర కవరు కట్టడం చూసే ఉంటారు. ఎడమ చేత్తో మూతి బిగించి, కుడి చేత్తో రెండు మెలికలు తిప్పి, గాలి నిలిచేలా రబ్బరు బ్యాండు మూడు చుట్లు. మూడు సెకన్ల పని. పాతికేళ్లు చేశాను. మొదటి కవరు దోసకాయ పప్పు. ఎడమ చెయ్యి పట్టుకుంది. కుడి చెయ్యి మెలిక తిప్పింది. బ్యాండు లాగేటప్పుడు ఎడమది ఎప్పుడు వదలాలో దానికి తెలియలేదు, కుడిది ఎప్పుడు బిగించాలో దీనికి తెలియలేదు. ఒక వంటింట్లో ఇద్దరు కొత్త తోడికోడళ్లు. బ్యాండు ఎగిరిపోయింది, కవరు తిరగబడింది, పప్పు కౌంటరు మీంచి అవతల నిలబడ్డ ఆయన చెప్పుల మీద పడింది. కాస్త చల్లారింది కాబట్టి సరిపోయింది. ఆయన ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

తర్వాతి సిట్టింగులో ఆ అమ్మాయి మీద అరిచాను. పది వారాలు ఎడమ చేతిని మూట కట్టారు, ఇప్పుడు అది దీనితో కలవడం మర్చిపోయింది అని. వాదించకుండా విని, మిట్ కుడి చేతిని నిద్ర లేపుతుంది ఆంటీ, రెండింటికీ జత కుదర్చడం దాని పని కాదు అంది. ఈ ముక్క మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. మా పెద్దమ్మాయి వెతికితే 2015లో కాక్రేన్ అని, వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ వాళ్లు 42 పరిశోధనలు, 1453 మందిని కలిపి చూసిన సమీక్ష దొరికింది. చేతి కదలిక, చేతి పని మెరుగయ్యాయి గానీ, రోజువారీ జీవితంలో ఇబ్బంది అంతగా తగ్గిందని నమ్మకంగా చెప్పలేమని రాశారు. నా రబ్బరు బ్యాండు గొడవ అదే కదా. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో అయితే ఒక చేతిని కట్టేసి చేయించే పద్ధతీ, రెండు చేతులతో గట్టిగా సాధన చేయించేదీ పోల్చి చూస్తే ఫలితాలు దాదాపు ఒకలాగే వచ్చాయట. నాకు ముందు ఏది ఇవ్వాల్సిందో నేను చెప్పలేను. మిట్ లేకపోతే కుడి చెయ్యి ఒళ్లోంచి లేచేదే కాదని మాత్రం ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఇంకోటి. అయిపోయిందని తీసి అటక మీద పడేస్తే కుదరదు. వైరల్ జ్వరం వచ్చి నెల రోజులు మూలన పడ్డాను, లేచేసరికి టీ గ్లాసు మళ్లీ ఎడమ చేతిలోకి వెళ్లిపోయింది. ఇప్పుడు రోజూ చింతపండు పిసికే గంటా మిట్ వేసుకుంటాను. ఎండాకాలం వాళ్లిచ్చింది భరించలేం, లోపల చెయ్యి ఉడికిపోతుంది, చెమటపొక్కులు లేస్తాయి. పాత నూలు దుప్పటి చింపి సంచిలా కుట్టించుకుని, మణికట్టు దగ్గర నాడా పెట్టుకున్నాను. వేళ్లు కదలకపోతే చాలు.

కొనుక్కోమంటారా అని అడుగుతున్నారు, కొనాల్సిన వస్తువు మిట్ కాదు. పక్కన కూర్చుని కొలిచే మనిషి. నాకు వేళ్లు కాస్త లేచాయి, మాట పోలేదు, పొయ్యి దగ్గర నిలబడటానికి ఆడపడుచు ఉంది, బస్సు ఖర్చు పెట్టుకోగలిగాం. మిరప కళ్లాల్లో రోజు కూలికి వెళ్లే మనిషికి పది వారాలు పొద్దుటి పూట ఒక చెయ్యి కట్టేసుకోమని నేను చెప్పలేను. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి అసలు చెప్పను, పడితే పట్టుకోవడానికి చెయ్యి ఉండదు. మామ్మగారి కొడుక్కి కూడా ముందు చెయ్యి కొలిపించమని తర్వాత కబురు పెట్టాను.

కవర్ల సంగతికొస్తే, ఆ అమ్మాయే దారి చూపింది. కవరుని పొడుగాటి స్టీలు గ్లాసులో పెట్టి, అంచు బయటికి మడిచి కూర పోయడం, ఆ తర్వాత మూతి దగ్గరకి తీయడం. మెలిక కుడి చెయ్యే తిప్పుతుంది, బ్యాండు ఎడమది చుడుతుంది. పాత పద్ధతికి తలకిందులు. పదకొండు సెకన్లు పడుతోంది. మామూలు రోజుల్లో పర్లేదు, జనం ఆగుతారు. ఆదివారాలు మాత్రం కవర్లు మా ఆయన కడతారు. గల్లాపెట్టె నా దగ్గర ఉంటుంది.