హార్వర్డ్ గదిలో ఇద్దరు, ప్రిన్స్‌టన్ రాత్రిలో ఇద్దరు: ఏది మేలు?

గంజాయి తాగే ఇద్దరు స్నేహితులు ఒక చిన్న కోరికతో బయలుదేరి పెద్ద చిక్కుల్లో పడే కథలను అమెరికాలో స్టోనర్ కామెడీలు అంటారు. 2001 డిసెంబరులో విడుదలైన ‘హౌ హై’, 2004 జూలైలో విడుదలైన ‘హెరాల్డ్ అండ్ కుమార్ గో టు వైట్ కాజిల్’ ఆ కోవలోనివే. మొదటిది హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో నడుస్తుంది, రెండవది వైట్ కాజిల్ అనే బర్గర్ దుకాణం కోసం సాగే ఒక రాత్రి ప్రయాణం మధ్యలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఆగుతుంది. రెండింటిలోనూ నాయకులు తెల్లవారు కారు. జాతిని బట్టి మనుషులను మూసలో పోసే అలవాటును ఏది గట్టిగా ఎదిరించిందన్నది నాకు ముఖ్యమైన ప్రశ్న. మన ఇళ్ల నుంచి ఎంతోమంది పిల్లలు ఆ దేశపు క్యాంపస్‌లకు వెళ్లి, నోరు తెరవకముందే ఏదో ఒక మూసలో పడుతున్నారు కనుక ఇది మనకు దూరపు విషయం కాదు.

ఈ రెండింటికీ మధ్యన, 2002లో వచ్చిన ‘వాన్ వైల్డర్’ను ఒక్కసారి తలుచుకోవాలి. అందులో కాల్ పెన్ వేసిన భారతీయ విద్యార్థి పాత్ర పేరు తాజ్‌మహల్ బదలందాబాద్. ఆ పేరూ, సాగదీసిన యాసా తప్ప నవ్వించడానికి ఆ పాత్రకు రచయితలు ఇచ్చినది చాలా తక్కువ. అదే నటుడు రెండేళ్ల తరువాత కుమార్ పటేల్‌గా ఏ యాసా లేకుండా, అమెరికాలో పుట్టి పెరిగిన కుర్రవాడిలా మాట్లాడినప్పుడు కలిగే ఊరట, ఆ మొదటి సినిమా చూసినవారికి మరింత బాగా తెలుస్తుంది.

‘హౌ హై’ ఎంచుకున్న స్థలంలోనే ఒక తెగువ ఉంది. ర్యాపర్లు మెథడ్ మ్యాన్, రెడ్‌మ్యాన్ వేసిన సైలస్, జమాల్ అనే నల్లజాతి కుర్రాళ్ల పాత్రలు తమ మాటా, వేషమూ మార్చుకోకుండా హార్వర్డ్‌లో అడుగుపెడతాయి. వారిని దారికి తేవాలని పట్టుబట్టే డీన్ కూడా నల్లజాతివాడే కావడం, పెద్ద సంస్థలో నిలదొక్కుకున్నవాడు తనవాళ్లనే చూసి ఎందుకు సిగ్గుపడతాడన్న ప్రశ్నను లేవనెత్తుతుంది. సినిమా దాన్ని లోతుగా తవ్వకపోవడం నాకు బాధ కలిగించింది. అంతకంటే పెద్ద లోపం కథ మొదట్లోనే ఉంది. చనిపోయిన మిత్రుడి చితాభస్మం ఎరువుగా పెంచిన గంజాయి తాగగానే అతడి ఆత్మ ప్రత్యక్షమై ప్రవేశపరీక్షకు జవాబులు చెబుతుంది. సైలస్‌కు మొక్కల గురించి నిజమైన పరిజ్ఞానం ఉన్నా, అతడు లోపలికి వచ్చింది మాత్రం ఆ జవాబులతోనే. నల్లజాతి విద్యార్థులు అర్హతతో కాక వేరే దారిలో వస్తారన్న నింద ఆ దేశంలో పాతది. జాతిని లెక్కలోకి తీసుకునే ప్రవేశాలపై హార్వర్డే ప్రతివాదిగా నడిచిన దావాలో 2023 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేవరకూ ఆ వాదం కొనసాగింది. ఆ నిందను తిప్పికొట్టవలసిన సినిమా, తెలియకుండానే దానికి బలం చేకూర్చింది.

‘హెరాల్డ్ అండ్ కుమార్’లో మూస అన్నది పాత్రల స్వభావంగా కాక వారి నెత్తిన పడే బరువుగా కనిపిస్తుంది. శుక్రవారం సాయంత్రం తెల్ల సహోద్యోగులు తమ పనిని, బ్యాంకులో పనిచేసే కొరియా మూలాల హెరాల్డ్ బల్లమీద పడేసి పోతారు. ఆసియావాళ్లకు లెక్కలంటే ఇష్టమని వారి నమ్మకం. పోలీసు స్టేషనులో ఒక నల్లజాతి వ్యక్తి ఏ నేరమూ చేయకుండా లాకప్‌లో కూర్చుని, అన్యాయపు చట్టాలను ధిక్కరించడంపై థోరో రాసిన వ్యాసాన్ని నిదానంగా చదువుకుంటూ ఉంటాడు. కుమార్ వైద్యవిద్యకు ఎగనామం పెట్టడం సోమరితనంగానే కనిపిస్తుంది కానీ, భారతీయుడంటే డాక్టరే అన్న మూసలో తానూ ఇమిడిపోతానన్న భయం దాని వెనుక ఉంది. కొడుకు ఏమవ్వాలో వాడు పుట్టకముందే తేల్చేసే తల్లిదండ్రులు మన మధ్యా ఉన్నారు కనుక, ఆ భయాన్ని మన ఇళ్లలో వివరించి చెప్పనక్కరలేదు.

అన్నిటికంటే నాకు నచ్చినది ప్రిన్స్‌టన్ ఘట్టం. కుమార్ గంజాయి కోసం వెతుకుతుంటే, హెరాల్డ్ ఆసియా విద్యార్థుల సంఘానికి చిక్కుతాడు. వారు చుట్టూ చేరి బ్యాంకు ఉద్యోగం గురించి శ్రద్ధగా ప్రశ్నలు అడుగుతుంటే అతడి ముఖం వాడిపోతుంది. పుస్తకాల పురుగులని తేల్చుకుని, ఎప్పుడు బయటపడదామా అని చూస్తాడు. ఆ పిల్లల పార్టీ ఎంత జోరుగా సాగిందో సినిమా తరువాత చూపిస్తుంది. ఆఫీసులో తెల్లవారు తనను ఎలా చూశారో, తనవాళ్లను హెరాల్డ్ సరిగ్గా అలాగే చూశాడన్నమాట. ఈ సంగతిని ఏ పాత్రా ఉపన్యాసంగా చెప్పదు.

ఆడవారిని చూపిన తీరు రెండు సినిమాల్లోనూ నాసిరకమే. ‘హౌ హై’లో అమ్మాయిల మీద వ్యాపారం చేసే బేబీ పౌడర్ పాత్ర మరీ పాత మూస. పాటలూ, ఇద్దరు ర్యాపర్ల హుషారూ కావాలనుకునేవారికి ఆ సినిమా చాలు. జాతి ముద్ర ఎలా పడుతుందో, పడినవాడు దాన్ని పక్కవాడిమీద ఎలా వేస్తాడో చూడాలనుకునేవారికి మాత్రం నేను ‘హెరాల్డ్ అండ్ కుమార్’నే చెబుతాను, అదీ ప్రిన్స్‌టన్ ఘట్టాన్ని రెండుసార్లు చూడమని.