గ్రాంప్స్‌లో మా వంశవృక్షం: మేనరికాలు, దత్తతలు, ఆడపడుచులు

వంశవృక్షం రాసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగినవాళ్లందరికీ నేను చాలా ఏళ్లుగా గ్రాంప్స్ పేరే చెబుతున్నాను. డబ్బులు కట్టక్కర్లేదు. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింట్లోనూ నడుస్తుంది, 2001లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, ఎక్కించిందంతా మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం వేరే. మన కుటుంబాలు ఎలా ఉంటాయో అలాగే రాసుకోనిస్తుంది.

మాది కడప వైపు, మా ఇళ్లలో మేనరికాలు మామూలు. మా జేజిని (నాన్నమ్మను) ఆమె సొంత మేనమామకే ఇచ్చారు, అంటే మా నాన్నకు అమ్మమ్మే మేనత్త కూడా. కాగితం మీద గీయబోతే గీతలన్నీ చిక్కుపడతాయి. గ్రాంప్స్‌లో మనిషి ఒక్కడే, ఎన్ని కుటుంబాలకైనా కలపొచ్చు. రిలేషన్‌షిప్ గ్రాఫ్ అనే చార్టు తీస్తే నాన్న వాళ్ల అమ్మమ్మకు ఒకే పెట్టె వస్తుంది, రెండు వైపుల గీతలూ అక్కడికే చేరతాయి. దత్తత కూడా అంతే. పిల్లల్లేని చిన్నాయనకు దత్తత వెళ్లిన మా అబ్బ (తాత) తమ్ముణ్ని కన్నవాళ్ల కింద కన్నబిడ్డగా, పెంచినవాళ్ల కింద దత్తపుత్రుడిగా రెండుచోట్లా పెట్టాను, ఏ ఇంటినీ చెరిపేయాల్సిన పని పడలేదు.

అన్నిటికంటే నాకు ముఖ్యమైంది ఆడవాళ్ల సంగతి. మా ఇంట్లో ఉన్న పాత వంశవృక్షం ఆస్తి పంపకాల కోసం రాసింది, అందులో కూతుళ్లు లేరు, కోడళ్లకు పుట్టింటి పేర్లు లేవు. గ్రాంప్స్‌లో పుట్టింటి ఇంటిపేరును అసలు పేరుగా ఉంచి, అత్తింటి పేరును పెళ్లి తర్వాతి పేరుగా విడిగా చేర్చొచ్చు. ఆ ఖాళీలు కళ్లముందు కనబడేసరికి ఆడపడుచుల ఇళ్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. మగవాళ్ల దగ్గర భూముల లెక్కలు దొరికితే, ఎవరు ఏ ఊరి పిల్ల, ఎవరి కానుపు ఎప్పుడు జరిగింది లాంటివన్నీ ఈ మేనత్తల దగ్గరే దొరికాయి.

తాతల పేర్లు మనవళ్లకు పెట్టుకుంటాం కాబట్టి తరం విడిచి తరం అదే పేరు వస్తూ ఉంటుంది. ప్రతి మనిషికీ ఒక గుర్తింపు నంబరు ఇవ్వడం వల్ల ఇక్కడ ఆ గందరగోళం లేదు. ఇంటిపేరు ముందు వచ్చేలా పేరు చూపించే పద్ధతిని సెట్టింగుల్లో మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. తెలుగులోనే టైప్ చేస్తాను, ఇబ్బందేమీ లేదు.

ఇంకొకటి, ప్రతి వివరానికీ ఇది ఎక్కడిదని ఆధారం రాసే చోటు ఉంది, దాన్ని ఎంత నమ్మొచ్చో ఐదు స్థాయిల్లో గుర్తు పెట్టొచ్చు. పాత దస్తావేజుల్లో తండ్రి పేరు, కాపురముండే ఊరు రాస్తారు గనక అవి నాకు పై స్థాయి. రీసెట్టిల్‌మెంట్ రిజిస్టర్ అనే పాత భూముల రికార్డు కూడా అంతే. ఇంటింటికీ వచ్చి వంశాల పేర్లు చెప్పే పిచ్చుకుంట్లవాళ్లు చెప్పిన వరసను కింది స్థాయిలో పెట్టాను కానీ తీసేయలేదు, వేరే కాగితంతో కలిసిన రోజున పైకి జరుపుతాను. దయచేసి ఆధారాలు రాసే ఈ పని మొదటి రోజు నుంచే చేయండి.

ఇక లోపాలు. తారీఖుల దగ్గర చాలా ఇబ్బంది. యూదుల క్యాలెండర్, ఇస్లామిక్, పర్షియన్, చివరికి ఫ్రెంచి విప్లవం నాటిది కూడా ఉంది, మన అరవై సంవత్సరాల పేర్లు మాత్రం లేవు. మా ముత్తాత ధాత కరువులో పుట్టాడని జేజి చెప్పేది. ధాత అంటే 1876-77, కానీ అరవై ఏళ్లకోసారి అదే పేరు మళ్లీ వస్తుంది, 1936లో కూడా ధాతే, కాబట్టి పక్కన కరువు అనే మాట ఉందో లేదో చూసుకుని మనమే తేల్చుకోవాలి. తేదీ పెట్టెలో 1876 నుంచి 1877 మధ్య అని వేసి, జేజి అన్న మాట ఉన్నదున్నట్టు నోట్‌లో రాస్తాను. పాత భూమి లెక్కల్లో వాడే ఫసలీ సంవత్సరాలకూ ఇదే తిప్పలు, 590 కలిపి ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చుకోవాలి.

వరసలు చెప్పే లెక్క అయితే మనకు అస్సలు పనికిరాదు. నేను వాడే ఇంగ్లీషు రూపంలో బాబాయి, మేనమామ ఇద్దరూ అంకులే. పెదనాన్న కూతురు, మేనమామ కూతురు ఇద్దరూ ఒకే రకం కజిన్లు! ఒకామె అక్క, ఇంకొకామెను పెళ్లి చేసుకోవచ్చు, ఈ తేడా తెలియని వంశవృక్షం మా పెద్దవాళ్లకు చూపిస్తే ఏమంటారో మీరే ఊహించండి.

మొదట్లో వాడటం కష్టంగానే ఉంటుంది, మనిషి, కుటుంబం, సంఘటన, ఆధారం అన్నీ వేరువేరు ఫారాలు. ఫోన్‌లో వాడదామంటే గ్రాంప్స్ వెబ్ అని వేరే ఉంది, దానికి సర్వర్ పెట్టుకోవాలి. బంధువులకు ఫైలు పంపేటప్పుడు బతికున్నవాళ్ల వివరాలు తీసేసే ఆప్షన్ ఉంది, తప్పకుండా వాడండి.

ఇది పైథాన్‌లో రాసిన ప్రోగ్రాము, వరసలు చెప్పే ఫైలు ఒక్కో భాషకు విడిగా ఉంటుంది. తెలుగు వరసలకు అలాంటిది రాయగలిగినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఎవరైనా పూనుకుంటే మేనరికాలు, దత్తతలు నిండా ఉన్న మా చెట్టు మీద పరీక్షించి తప్పులు చెప్పడానికి నేను సిద్ధం.