పాత పికప్‌కి రేడియేటర్ పని: రాడింగా, కొత్త కోరా, అల్యూమినియమా?

విజయవాడ ఆటోనగర్‌లో అయినా, మీ ఊరి లారీ షెడ్ల దగ్గరైనా, టాటా 207 కాలం నాటి బండి హీటెక్కుతోందని తీసుకెళ్తే రేడియేటర్ షాపు వాళ్లు మూడు దార్లు చూపిస్తారు. రాడింగ్ చేయడం (గొట్టాల్లో బద్దీ దూర్చి శుభ్రం చేయడం), పాత ఇత్తడి ట్యాంకులకే కొత్త రాగి కోర్ (మధ్యలో ఉండే గొట్టాల జాలీ) అతకడం, మొత్తం పీకేసి అల్యూమినియం రేడియేటర్ బిగించడం. మా ఓటు రాగి కోర్‌కే. అయితే తప్పు రేడియేటర్‌దే అని తేలాక మాత్రమే.

తేల్చుకోవడం పెద్ద పనేం కాదు. ట్రాఫిక్‌లో నిలబడితే టెంపరేచర్ ముల్లు పైకెక్కి, బండి పరుగందుకోగానే దిగిపోతుంటే గాలి చాలట్లేదని అర్థం. బెల్టు వదులై ఉంటుంది, విస్కస్ ఫ్యాన్ (ఇంజన్ వేడెక్కితే పట్టు బిగించి తిరిగే ఫ్యాన్) జారుతుంటుంది, లేదా ఫ్యాన్ చుట్టూ ఉండే కవర్ ఎప్పుడో విరిగితే తీసి పారేసి ఉంటారు. బాగా వేడెక్కిన ఇంజన్ ఆపేశాక విస్కస్ ఫ్యాన్‌ని చేత్తో తిప్పితే బరువుగా ఉండాలి. గాలిపటం చక్రంలా గిర్రున తిరిగితే దాని పని అయిపోయింది. ఖాళీగా బాగానే ఉండి, లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడే హీటెక్కుతుంటే నీళ్లు సరిగ్గా పారట్లేదు. రేడియేటర్‌ని అనుమానించాల్సింది ఇక్కడే. చల్లటి ఇంజన్‌ని రేడియేటర్ మూత తీసి ఉంచే స్టార్ట్ చేసినప్పుడు బుడగలు ఆగకుండా వస్తుంటే పోయింది హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే ప్యాకింగ్. ఆ బండికి కొత్త కోర్ వేయించినా డబ్బు దండగ.

షాపుకి వెళ్లేముందు జాలీ ఒకసారి కడిగి చూడండి. గడ్డి, పత్తి తోలే బళ్లకి ఫిన్ల (గొట్టాల మధ్య ఉండే పలచటి రేకుల) సందుల్లో దుమ్ము మెత్తలా పేరుకుంటుంది. ఏసీ ఉన్న బండిలో కండెన్సర్‌కీ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ) రేడియేటర్‌కీ మధ్య సందులో ఇరుక్కుంటుంది కాబట్టి ముందు నుంచి చూస్తే కనపడదు. ఫ్యాన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు నీళ్లతో కడగాలి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గర పెట్టి కొడితే ఫిన్లు పడుకుండిపోతాయి, ఆ తర్వాత గాలే దూరదు.

రాడింగ్ అంటే పై ట్యాంకు, కింది ట్యాంకు సోల్డర్ కరిగించి విప్పి, గొట్టాల్లో సన్నటి ఇనప బద్దీ దూర్చి పెచ్చు రాల్చడం. చౌక, సాయంత్రానికి బండి చేతికొస్తుంది. కోర్ ఇంకా గట్టిగా ఉంటే మంచి పనే. కానీ ఫిన్లు వేలితో నలిపితే పొడిగా రాలుతున్నాయంటే రాడింగ్ వద్దు. గొట్టం లోపల శుభ్రమవుతుంది సరే, గొట్టానికీ ఫిన్‌కీ అతుకు ఊడిపోయాక వేడి బయటికి ఎలా పోతుంది? అరిగి పలచబడ్డ గొట్టాలకి బద్దీ తగిలి కొత్త చిల్లులు పడటమూ మామూలే. లీకు ఆగడానికి పసుపు పోసిన బళ్లైతే మరీ కష్టం. పసుపు చిల్లునే కాదు, సన్న గొట్టాల్నీ మూస్తుంది. ఆ ముద్ద బద్దీకి సగమే వస్తుంది.

కొత్త రాగి కోర్ ఖరీదెక్కువ, కానీ పాత ఇత్తడి ట్యాంకులు, బ్రాకెట్లు అవే ఉంటాయి కాబట్టి బిగింపులో తేడా రాదు. రేపు చిల్లు పడినా ఏ ఊళ్లోనైనా సోల్డర్ పెట్టించుకోవచ్చు. మోసం జరిగేది కూడా ఇందులోనే. ట్యాంకు విప్పగానే పాత కోర్‌లో ఎన్ని వరసలు, వరసకి ఎన్ని గొట్టాలు ఉన్నాయో లెక్కపెట్టి ఫోటో తీసుకోండి. కొత్త కోర్ బయటి కొలత అంతే ఉండి, లోపల గొట్టాలు తగ్గి, ఫిన్లు ఎడంగా ఉంటే మళ్లీ వేసవికి అదే కథ. "ఇంకో వరస ఎక్కువేస్తాం" అన్నా వెంటనే తలూపొద్దు. కోర్ మందం పెరిగితే ఫ్యాన్ రెక్కకి దగ్గరవుతుంది, దానిలోంచి గాలి లాగడమూ కష్టమవుతుంది. కంపెనీ ఎన్ని వరసలిస్తే అన్నే చాలు.

అతికాక రెండు పరీక్షలు మన కళ్లముందే చేయించాలి. కోర్‌ని నీళ్ల తొట్టిలో ముంచి, మూత మీద రాసి ఉన్న ప్రెజర్ కంటే కొంచెం ఎక్కువ గాలి పట్టించి కాసేపు ఉంచాలి, ఒక్క బుడగ రాకూడదు. తర్వాత కింది ట్యాంకు పైపు నోటిని అరచేత్తో మూసి నిండా నీళ్లు పోసి ఒక్కసారిగా వదలాలి, భళ్లున దూకాలి. సోల్డర్‌కి వాడిన యాసిడ్ కడిగేశారో లేదో కూడా చూడండి, అది మిగిలితే అతుకుల దగ్గర ఆకుపచ్చ చిలుము పడుతుంది.

అల్యూమినియం తేలిక, చల్లబరచడంలో లోటు లేదు. కానీ దాని ప్లాస్టిక్ ట్యాంకు నొక్కిపట్టిన అంచు దగ్గర కారితే ఊరి షాపులో బాగుపడదు. పైగా దారిలో ఎక్కడ బోరు కనిపిస్తే అక్కడ నీళ్లు పోసే బండికి అది అస్సలు నప్పదు. కూలెంట్‌లో ఉండే తుప్పు పట్టకుండా ఆపే మందు లేకపోతే అల్యూమినియం గుంటలు పడి తినేసుకుపోతుంది.

షాపు వాళ్లు రేడియేటర్ ఇచ్చి చేతులు దులుపుకుంటారు. ఇంజన్ బ్లాకులోని బురదని మాత్రం ఎవరూ పట్టించుకోరు. కొత్త కోర్ బిగించేముందు బ్లాకు డ్రెయిన్ ప్లగ్గు విప్పి, రంధ్రం మూసుకుపోయి ఉంటే తీగతో పొడిచి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. లేదంటే ఆ మట్టి అంతా వచ్చి కొత్త గొట్టాల్లో కూర్చుంటుంది. కింది హోస్ పైపులో స్ప్రింగ్ ఉండే బండైతే అది తుప్పుపట్టి విరిగిందేమో చూడండి. అది లేకపోతే ఎక్స్‌లేటర్ తొక్కినప్పుడల్లా పంపు లాగుడికి పైపు అతుక్కుపోతుంది. మూత కొత్తది వేయండి, మీద అంకె పాతదాని అంకే ఉండాలి.

"వేసవికి థర్మోస్టాట్ వాల్వ్ పీకేద్దాం" అనే సలహా అన్ని షెడ్లలోనూ వినిపిస్తుంది. ఇంజన్ వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌కి వదిలేది ఈ వాల్వే, పీకొద్దు. చాలా ఇంజన్లలో వాల్వ్ తెరుచుకున్నప్పుడు దాని కింది పళ్లెం బైపాస్ దారిని మూస్తుంది. వాల్వే లేకపోతే వేడినీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కి పోకుండానే ఇంజన్‌లోకి తిరిగొస్తుంది. గిన్నెలో నీళ్లు కాచి, వాల్వ్‌ని దారంతో వేలాడదీసి చూడండి. దాని మీద రాసిన డిగ్రీల దగ్గర, సాధారణంగా 82 ప్రాంతంలో, కదలడం మొదలై, నీళ్లు మరిగేసరికి పూర్తిగా తెరుచుకోవాలి. అలా తెరుచుకుంటే అదే వేయండి.

కూలెంట్ డబ్బా మీద ఐఎస్ 5759 (కూలెంట్‌కి ఉన్న భారత ప్రమాణం) ఉందో లేదో చూసి కొనండి. కాన్సంట్రేట్ అయితే 1 లీటరుకి 2 లీటర్ల డిస్టిల్డ్ వాటర్ మన మైదానాల వేడికి సరిపోతుంది, డబ్బా మీద వేరే కొలత ఉంటే అదే పాటించండి. మూత తీసి ఉంచి, ఇంజన్ నెమ్మదిగా తిప్పుతూ, పై పైపు నొక్కుతూ పోస్తే గాలి బయటికి వచ్చేస్తుంది. మొదటి కిరాయి తిరిగొచ్చాక, పూర్తిగా చల్లారాక మట్టం మళ్లీ చూడాలి.

బిల్లు రాయించేటప్పుడు వరసలు, గొట్టాల సంఖ్య అందులో రాయించండి. పాత కోర్ రాగి తూకం వేయించి ఆ డబ్బు తగ్గించమనండి. అడిగితే చాలామంది తగ్గిస్తారు, అడగకపోతే అది షాపు మూలన ఉన్న కుప్పలోకి పోతుంది.