గోడ మీద మతచిహ్నమా, పాఠంలో మతచరిత్రా?

అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో పదేపదే తలెత్తే ప్రశ్న ఇది. మతాన్ని పటంగా గోడకు తగిలించాలా, పాఠంగా తరగతిలో చెప్పాలా?

ఖర్చు: పటానికి మేకు చాలు, అసలు ఖర్చు కోర్టులో ఎదురవుతుంది. ఒహాయోలోని జాక్సన్‌లో 1947 నుంచి వేలాడిన ఏసుక్రీస్తు చిత్రాన్ని 2013లో దించివేసి, రాజీలో భాగంగా 95,000 డాలర్లు చెల్లించడానికి పాఠశాలల యంత్రాంగం ఒప్పుకుంది.

శ్రమ: పటం అడిగేదేమీ లేదు. పాఠం చెప్పాలంటే మాత్రం ఉపాధ్యాయుడు అన్ని మతాలనూ సమదృష్టితో చదివి రావాలి.

చట్టం: తేడా స్పష్టంగా తెలిసేది ఇక్కడే. కెంటకీ రాష్ట్రం చట్టం చేసి తన తరగతి గదుల్లో పెట్టించిన బైబిల్ పది ఆజ్ఞల ప్రతులు 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు ఉండేవి; విరాళాలతో కొన్నవే అయినా, వాటి ప్రయోజనం లౌకికమేనని అడుగున చిన్న అక్షరాల్లో రాసినా, సుప్రీంకోర్టు 1980లో ఆ చట్టాన్ని కొట్టివేసింది. బడిలో భక్తిపూర్వక బైబిల్ పఠనాన్ని 1963లో తోసిపుచ్చిన అదే కోర్టు, సాహిత్యంగా, చరిత్రగా దాన్ని చదవడం తప్పు కాదన్నది. అయినా లూసియానా 2024లో, తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన టెక్సస్ 2025లో మళ్లీ పది ఆజ్ఞల చట్టాలు చేయడం నాకు బాధ కలిగించింది. పాఠాన్ని ప్రశ్నించగల పిల్లవాడు గోడను ప్రశ్నించలేడు.

మతసంస్థ సొంత డబ్బుతో నడిపే బడికి పటమే తగినది. అందరి పన్నులతో నడిచే బడికి పాఠమే తగినది. ఆ బడికి మన అమ్మాయి పెట్టుకెళ్లే బొట్టు మాత్రం ప్రభుత్వం పెట్టినది కాదు, ఆమెది.